పదమూడేళ్ళ మైల

హెర్లెన్ నది ఒడ్డు
1974 సెప్టెంబరు 12

యంజిమా పిల్లా,

మీ వైపు గడ్డి ఎలా ఉంది? మీ అత్తవారి గొర్రెల తోకలకు కొవ్వు పట్టిందా? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అత్తయ్య దారిమాకు మోకాలి నొప్పి తిరగబెట్టింది. నన్ను తిట్టడానికి మోకాలితో పని లేదు కనక ఆ కార్యక్రమం మాత్రం ఎప్పటిలాగే సాగుతోంది.

అసలు సంగతి చెప్పలేక, ఎండబెట్టిన పెరుగుబిళ్ళల గురించీ వాటిని ఎత్తుకుపోతున్న ఎలకల గురించీ రాసి ఒక కాగితం చింపేశాను. ఇది రెండోది. నీ గుర్రం పోయింది.

మార్చిలో దుమ్ముగాలి లేచినప్పుడు మంద మొత్తం గాలివాలున పరుగెత్తింది. మిగతావన్నీ దొరికాయి, నీ మైల దొరకలేదు. పెళ్ళి ముందు చెడుకబురు వద్దని మీ అత్తయ్య నా నోరు కట్టేసింది. నీకు పదేళ్ళప్పుడు వేసవి సెలవులకొచ్చి, అప్పుడే పుట్టిన ఆ పిల్ల పక్కన పొద్దస్తమానం కూచుంటే, 'నీదే, తీసుకో' అని ఇచ్చాను. ముద్ర వెయ్యడానికి కడ్డీ కాలిస్తే నువ్వు ఏడ్చిన ఏడుపుకి నా చెయ్యి ఆడలేదు. ముద్ర లేని గుర్రాన్ని ఇప్పుడు ఎక్కడని వెతకను?

గాలి మీ వైపే తోలింది. మీ మామగారు చోయ్‌జిల్ గుర్రాల కాపరి కదా, మాటల్లో పెట్టి అడుగు. నేను పోగొట్టుకున్నానని మాత్రం అనకు. మేనకోడలికిచ్చిన గుర్రాన్ని కాచుకోలేకపోయాడని కొత్త వియ్యాలవారి దగ్గర అనిపించుకోలేను.

ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదుగా. మైలది.

నీ మేనమామ
షగ్దర్


చోయ్‌జిల్ గారి విడిది నుంచి
1974 సెప్టెంబరు 30

మామయ్యా,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. మా అత్తగారు చూసి, పుట్టింటి మీద బెంగనుకుని, గొర్రెతోక కొవ్వు ముక్క నోట్లో పెట్టారు. ఏడుస్తూ కొవ్వు నమలడం ఎంత కష్టమో మీకు తెలీదు.

ఇక్కడ నాకింకా ఏ పనీ సరిగ్గా రావడం లేదు. పాలు పితికితే ఆవు వెనక్కి తిరిగి చూస్తుంది. దోర్లిగ్ నవ్వుతాడు. పెళ్ళయ్యాక మొగుళ్ళు నవ్వడం తగ్గిస్తారని మిల్లులో అనేవారు, ఈయనకింకా ఆ కబురు అందినట్టు లేదు. తివాచీల మిల్లులో ఆరేళ్ళు నూలుకి రంగులద్దాను కనక ఆ ఒక్క పనీ నాకు వదిలారు. గుమ్మానికి వేలాడే మందపాటి ఉన్ని తెరకి నల్లంచు కావాలిట. నలుపు పొట్లాల కోసం మిల్లు స్నేహితురాలికి రాశాను.

ఇంతకీ మైల అంటే ఏమిటి మామయ్యా? మిల్లులో మేం మైల అనేది ఉతకని, మురికి పట్టిన ఉన్నిని. కడిగితే పోతుంది. నా గుర్రం మురికిగా ఉండేది కాదే! నాకు పదమూడేళ్ళప్పుడు ఆఖరుసారి చూశాను. నీలంగా ఉండేది, వాన ముందు మబ్బులా. అమ్మకి రాస్తే, 'నీలం గుర్రమేంటే నీ మొహం, అది కర్రిది, బొగ్గులా ఉండేది' అంది. ఇంతకీ మీరు నాకు ఒక గుర్రాన్నిచ్చారా, మూడిచ్చారా?

మామగారిని మాత్రం అడిగాను. జీను బాగు చేసుకుంటున్నారు.

"మామగారూ, మీరెప్పుడైనా మైల గుర్రాన్ని చూశారా?"

"చూడ్డమేంటమ్మా, ఉందిగా మనకి! వసంతంలో వచ్చింది. మంచి జీవం."

"ఎక్కణ్ణించి వచ్చింది?"

"వచ్చిందిలే," అని అత్తగారి వైపు ఓరగా చూసి నశ్యం బుడ్డి బయటికి తీశారు. ఆ తర్వాత ఆయన తుమ్ములే తప్ప మాటలు లేవు.

ఇది మీదేనా? ఏం చెయ్యమంటారు?

మీ
యంజిమా


హెర్లెన్ ఒడ్డు
1974 అక్టోబరు 15

యంజిమా,

నీ ఉత్తరం చదివి గుడారంలో నిలువునా లేచి, తల పైకప్పు వాసానికి కొట్టుకున్నాను. వసంతంలో వచ్చిందా! ఎక్కణ్ణించో చెప్పడా! నశ్యం పీలుస్తాడా!

తొందరపడను. మీ అత్తయ్య పక్కనే కూచుని 'తొందరపడకు' అని మూడుసార్లు అంది, నాలుగోసారి అనకముందే ఇది రాస్తున్నాను. దగ్గరికెళ్ళి చూడు. ముద్ర ఉందా? ఉంటే మనది కాదు. నడుస్తున్నప్పుడు తల కొంచెం ఎడమకి వాలుస్తుందా? వీపు ఎలా ఉంది?

మైల అంటే ఏమిటని నన్నడిగినట్టు ఇంకెవరినీ అడగకు. నా పరువు పోతుంది. మైల మైలే. పుట్టిననాడు మైలే, చచ్చిననాడు మైలే. మధ్యలో చూడ్డానికి ఎలా ఉంటే మనకేం? మీ అమ్మ నా తోడబుట్టిందే, పట్నం పొగ కళ్ళకెక్కి కర్రిదంటోంది. నువ్వు నీలమంటావు. నీలం గుర్రమా! రేపు ఎర్ర ఆకాశం, పచ్చటి పాలు అంటావు. మా నాన్న వింటే మీ ఇద్దరినీ మందలోంచి తరిమేసేవాడు.

నేను వెతుకుతున్నట్టు ఆయనకి తెలియనివ్వకు.

షగ్దర్


చోయ్‌జిల్ గారి విడిది
1974 అక్టోబరు 29

మామయ్యా,

చూశాను. ముద్ర కనిపించలేదు. అయితే చలికాలపు బొచ్చు అప్పుడే బాగా పెరిగింది, కింద ఏముందో దేవుడికెరుక. తల ఎడమకి వాలుస్తుందో లేదో తెలీలేదు. నన్ను చూడగానే వెనక్కి తిరిగి నిలబడుతుంది, తల అవతలి వైపుంటుంది.

వీపు సంగతి అడిగారు. మెడ జూలు దగ్గర మొదలై తోక దాకా నల్లటి చార ఉంది. కుంచెతో ఒక్క లాగులో గీసినట్టు ఎంత తిన్నగా ఉందో! మిగతా ఒళ్ళంతా ఎండిన బురద రంగు.

మిల్లు నుంచి నలుపు పొట్లాలు వచ్చాయి. పెద్ద బానలో మరిగించాం. నాకొక్కదానికి చేతకాక మామగారు కూడా కర్ర పట్టుకుని తిప్పారు. బాన ఒరిగి ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లబడ్డాయి. పశువుల కాపరుల సంఘం అధ్యక్షుడు వచ్చినప్పుడు మామగారు చేతులు చొక్కాలో దాచుకుంటే, అధ్యక్షుడు ఆయన దగ్గర ఏదో కానుక ఉందనుకుని చాలాసేపు కదల్లేదు. మేం రెండ్రోజులు అదే చెప్పుకుని నవ్వుకున్నాం.

మామగారు మంచివారు మామయ్యా. మిమ్మల్ని గురించి ఎప్పుడూ గౌరవంగా అడుగుతారు. ఇలా చాటుగా కనిపెట్టి చూడ్డం నాకు బాగా లేదు.

యంజిమా


హెర్లెన్ ఒడ్డు
1974 నవంబరు 10

అమ్మాయీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అత్తయ్యకు వినిపించాను. ఆమె చివరికి నోరు మూసుకుంది. అంటే విషయం ఎంత పెద్దదో అర్థం చేసుకో.

నా మైలకు చార లేదు. ఏ మైలకీ ఉండదు. మైల మీద చార పుట్టదు, ఎవరో పుట్టించాలి. నీ చేతులకి నలుపు. ఆయన చేతులకి నలుపు. గుర్రం వీపున నలుపు, అదీ కుంచెతో గీసినట్టు. అధ్యక్షుడు రాగానే చేతులు దాచుకున్నాడు. ఇంకేం కావాలి? ఒళ్ళంతా బురద రంగు కూడా పూశారు! పూర్వం గుర్రపు దొంగలు ఇదే చేసేవారు. నీకు తెలియకుండా నీ చేతే రంగు కలిపించారు పిల్లా. లేక తెలిసే కలిపావా? తెలిసినా నాకు రాయి, నేను కోప్పడను.

సంఘం లారీ నడిపే బద్రఖ్ ఉప్పు తీసుకుని ఆ వైపు వస్తున్నాడు. ఒకసారి చూసి రమ్మన్నాను. మర్యాదగా అడగమన్నాను. వాడికి మర్యాద తెలుసు.

షగ్దర్


చోయ్‌జిల్ గారి విడిది
1974 నవంబరు 28

షగ్దర్ మామయ్యకు,

బద్రఖ్‌కి మర్యాద తెలీదు.

సంఘం తాలూకు వాళ్ళు చాలామంది ఉన్నారు మా గుడారంలో, ఉప్పు పంచుకోవడానికి వచ్చి. బద్రఖ్ టీ గిన్నె అందుకుని, ఒక గుక్క తాగి, గట్టిగా అడిగాడు: "చోయ్‌జిల్ గారూ, షగ్దర్ గారు కనుక్కోమన్నారు. మీ మైల వీపు మీద చార పుట్టుకతో వచ్చిందా, బానలోంచి వచ్చిందా?"

పొయ్యి మీద టీ పొంగింది. మామగారు నా వైపు చూశారు. నా గోళ్ళలో నలుపు ఇంకా పోలేదు.

"నీళ్ళు కాచండి," అన్నారాయన.

అత్తగారు అడ్డం వచ్చారు. "ఈ చలిలో గుర్రాన్ని కడుగుతావా? మతి పోయిందా నీకు?"

"కాచమన్నానా! కోడలా, సబ్బు తే. సోడా తే. రంగు వదలగొట్టడం నీకు తెలుసుగా, నువ్వే రుద్దు. అందరూ చూడండి."

రుద్దాను మామయ్యా. అందరి ముందూ, చేతులు గడ్డకట్టుకుపోతుంటే రుద్దాను. మొదట నల్లటి నీళ్ళు కారాయి. జనం 'హా' అన్నారు. అది మురికి. ఇంకా రుద్దితే నీళ్ళు తేటపడ్డాయి. చార ఇంకా నల్లగా తేలింది. మామగారు దాని వెనక నిలబడి, బద్రఖ్‌తో "ఇటొచ్చి చూడు, వేలితో గీకి చూడు" అంటూ తోక పైకెత్తారు. అది తన్నింది. ఆయన కాలు విరిగింది, మోకాలి కింద.

ఎముకలు కట్టే ముసలాయన వచ్చి కట్టు కట్టి వెళ్ళాక, మామగారు పడుకునే అన్నారు: "ఇప్పుడు చెప్పమ్మా. మీ మామయ్య పోగొట్టుకున్నదేంటి?"

దాచలేకపోయాను. మీ ఉత్తరాలన్నీ తెచ్చి చదివాను, నశ్యం మాటతో సహా. ఆ చార గుర్రం సంగతి కూడా అప్పుడే బయటపడింది. అత్తగారికి తెలియకుండా ఆవిడ తమ్ముడికి జీను ఇచ్చి, మారకంగా తీసుకున్నారట, వెండి తొడుగుల జీను, అది ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. అందుకే ఆ తుమ్ములు.

"ఎన్నేళ్ళది మీ మామయ్య గుర్రం?" అన్నారు.

"నాకు పదేళ్ళప్పుడు పుట్టింది. పదమూడు నిండి ఉంటాయి."

"పదమూడేళ్ళ మైలా!" ఆయన పైకి లేవబోయి నొప్పితో పడిపోయారు. "నల్లగా పుట్టి, ఆనక మబ్బులా అయ్యి... ఆ మైలా? హెర్లెన్ వాళ్ళు దాన్ని మైల అంటారా? మా దగ్గర మైలంటే ఈ బురద రంగుది, వీపున చారున్నది. మీ మామయ్యది ఈపాటికి మంచులా ఉండాలి కదమ్మా! ఎప్పుడైనా ఆ మాట రాశాడా? తెల్లది అని ఒక్క మాట?"

రాయలేదు మామయ్యా. ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారి కూడా.

ఏప్రిల్లో ముద్ర లేని తెల్లగుర్రం ఒకటి మామగారి మందలో కలిసిందట. తెల్లది దొరికిందని చుట్టుపక్కల సంఘాలన్నిటికీ కబురు చేయించారు. ఎవరూ రాలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా గుడారం దగ్గర కొన్నాళ్ళు కట్టేసి ఉండేది, ఎవరిదో అనుకున్నాను. అక్టోబరులో రివాజు ప్రకారం సంఘానికి అప్పగించారు. సంఘం దాన్ని మాంసానికి పోయే మందలో కలిపింది. ఆ మంద రైలు కట్ట దగ్గర కంచెలో రైలు పెట్టెల కోసం కాచుకుని ఉందట.

దోర్లిగ్ గడ్డి బళ్ళతో దూరం వెళ్ళాడు. మామగారు కదల్లేరు. సంఘం అధ్యక్షుడు చీటీ రాసిచ్చాడు, వచ్చే ఏడు మా సొంతంలోంచి ఒకటి బదులివ్వాలన్న షరతు మీద. రేపు టపా లారీలో నేనే వెళ్తున్నాను. మీ జవాబు కోసం ఆగే వ్యవధి లేదు. మీ మీద చాలా కోపంగా ఉంది. అంతకన్నా నా మీద ఉంది.

యంజిమా


హెర్లెన్ ఒడ్డు
1974 డిసెంబరు 7

తల్లీ,

తెల్లదే. తెల్లదే. తెల్లదే.

ఇది నీకు అందేసరికి ఏమవుతుందో తెలీదు, అయినా రాస్తున్నాను. పదేళ్ళు దాటిన మైల తెల్లగా ఉంటుందని వేరే చెప్పాలా అనుకున్నాను. మనిషి జుట్టు నెరిస్తే పేరు మారుస్తామా? మీ అమ్మ అది పిల్లగా ఉన్నప్పుడు చూసింది, కర్రిదంది. నువ్వు దానికి మూడేళ్ళప్పుడు చూశావు, నీలమన్నావు. ఇద్దరూ ఉన్నదే చెప్పారు. ఉన్నది చెప్పనివాణ్ణి నేనే.

ఇంకొకటి కూడా రాసేస్తాను. తెల్లగుర్రం దొరికిందన్న కబురు మా దాకా వచ్చింది. మేలో నా చెవులతో విన్నాను. మా వైపు తెల్లది అంటే పుట్టుకతోనే తెల్లది, గులాబీ ముక్కుది. 'ఎవడిదో పాపం' అనుకుని టీ తాగాను.

మనదాని ముక్కు నల్లగా ఉంటుంది. బొచ్చు పాయ తీసి చూస్తే కింద చర్మం కూడా నలుపే.

మీ మామగారి కాలికి నేనేం చెయ్యగలను? మీ అత్తయ్య నాతో మాట్లాడ్డం లేదు. తిట్టినా బాగుండును.

షగ్దర్


చోయ్‌జిల్ గారి విడిది
1974 డిసెంబరు 19

మామయ్యా,

మీ ఉత్తరం నేను తిరిగొచ్చాక అందింది. దొరికింది.

రైలు కట్ట పక్కన కంచె. లోపల గుర్రాలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి, వాటి ఊపిరితో పైన పొగమంచు కట్టింది. కాపలావాడు చీటీ చూసి, "ఏ రంగు?" అన్నాడు.

"తెల్లది."

"తెల్లవి ఇరవై దాకా ఉన్నాయి. ఎలాంటి తెల్లది?"

"మొదట నల్లగా పుట్టిందండీ. తర్వాత నీలంగా అయింది. ఆ తర్వాత తెల్లబడింది," అన్నాను.

వాడు నవ్వలేదు. జాలిగా చూశాడు. "చెల్లీ, ఇక్కడున్న తెల్లవన్నీ అలా పుట్టినవే."

లోపలికి వెళ్ళనిచ్చాడు. దూరం నుంచి అన్నీ ఒకటే. దగ్గరికెళ్ళేసరికి ఏ రెండూ ఒకటి కాదు. ఒకటి గొర్రెకొవ్వు తెలుపు. ఒకటి పాలమీగడ. ఒకటి టీలో పాలు ఎక్కువైనట్టు. ఒకదాని మీద మిరియాలు చల్లినట్టు చుక్కలు. మిల్లులో ఉన్ని వేరు చేసేటప్పుడు ఇలాగే నిలబడేదాన్ని, చెయ్యి దానంతటదే వెళ్ళేది. ఆగస్టులో మా గుడారం దగ్గర కట్టేసిన దాన్ని గుర్తు చేసుకున్నాను. ఉతికి ఆరేసిన ఉన్ని, కొంచెం నీడ పడ్డట్టు. అలాంటిది ఒకటి మూల నిలబడి ఉంది. ముక్కు నల్లగా ఉంది. అన్నిటికీ ముక్కులు నల్లగానే ఉన్నాయనుకోండి. దాని మెడ మీద చెయ్యి వేశాను. అది తల తిప్పి చూసి, నా జేబులో పెరుగుబిళ్ళ ఉందని కనిపెట్టింది.

"ఇదేనా?" అన్నాడు కాపలావాడు.

"ఇదే."

"మళ్ళీ చూసుకో. రేపు పెట్టెలొస్తాయి."

ఇదేనన్నాను. తిరిగొచ్చే కాపరులతో పాటు దాని మీదే వచ్చాను. పిరుదులు ఒరిసి కూచోలేకపోతున్నాను, ఇది నిలబడి రాస్తున్నాను. మామగారు కర్రల మీద బయటికొచ్చి, దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి, చాలాసేపు చూశారు.

"ఇదే," అన్నారు. లోపలికెళ్ళిపోయారు.

కొత్త ఏడాది తెల్లనెల పండగకు మీరు తప్పకుండా రావాలి. వచ్చి ఆయనతో మాట్లాడాలి.

యంజిమా


చోయ్‌జిల్ గారి విడిది
1975 మార్చి 2

మామయ్యా,

క్షేమంగా చేరారని బద్రఖ్ చెప్పాడు. (ఇప్పుడు టీ ఇచ్చేముందే ఆయనతో 'ఏమీ అడక్కు' అంటున్నాం.) అత్తయ్య పంపిన తేనె బాగుంది. మీరు తెచ్చిన జీను చూసి మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. పోయిన దానికి బదులు కాదుగానీ, పరువు నిలిచిందన్నారు. మీరూ మామగారూ పలకరింపుగా నశ్యం బుడ్లు మార్చుకుంటుంటే నేను టీ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంత గొడవ తర్వాత ఇద్దరూ మాంసం కుడుములు ఎవరెక్కువ తింటారని పందెం వేసుకుంటారని నేను కల్లో కూడా అనుకోలేదు.

కానీ ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. మీరు గుర్రం దగ్గరికెళ్ళి, దాని పెదవి ఎత్తి నోట్లోకి చూశారు. మామగారు మిమ్మల్ని చూస్తున్నారు. మీరు పెదవి వదిలి, చెయ్యి తుడుచుకుని, "ఇదే," అన్నారు. రంగు దగ్గర్నుంచి ప్రతిదానికీ పేచీ పెట్టుకున్న మీ ఇద్దరూ ఒకే మాట అనడం అదే మొదలు. డిసెంబరులో నేను నీళ్ళకి వెళ్తూ వెనక్కి చూసినప్పుడు, మామగారు కూడా దాని నోరు తెరిచి చూస్తున్నారు.

దోర్లిగ్‌ని అడిగాను. "నాన్న ఇదే అన్నాడు, మీ మామయ్య ఇదే అన్నాడు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. నవ్వుతూ అనలేదు. ఈయన నవ్వకపోతే నాకు భయం.

మంచు మీద ఎండ పడ్డప్పుడు అది పసుపుగా కనిపిస్తోంది. సాయంత్రం మళ్ళీ నీడ రంగు. రోజూ చూస్తున్నాను, రోజురోజుకీ నాకు తెలియకుండా పోతోంది. అది తల ఎడమకి వాల్చదు.

నాకు నిజం రాయండి.

యంజిమా


హెర్లెన్ ఒడ్డు
1975 మార్చి 20

యంజిమా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ముందు మీ అత్తయ్యనడిగాను, రాయనా వద్దా అని. 'అడిగిందిగా, రాయి' అంది.

మన గుర్రం కాదు. పళ్ళు చూశాను. వాటిని బట్టి దానికి ఏడేళ్ళు, మించితే ఎనిమిది. మైల జాతే. ఎవరి మందలో పుట్టిందో, ఏ పేరుతో పిలిచేవాళ్ళో తెలీదు. మన మైల ఆ కంచెలోంచి వెళ్ళిపోయింది. నువ్వు వెళ్ళిన రోజున అక్కడే ఉందో, అంతకుముందే పోయిందో కూడా మనకి తెలీదు. పండగ నుంచి తిరిగొచ్చే దారిలో లారీ ముందు సీట్లో కూచుని ఏడ్చాను. బద్రఖ్ పాట పెట్టాడు, అప్పుడు మాత్రం వాడికి మర్యాద తెలిసింది.

నువ్వు తప్పుగా ఎంచుకున్నావని ఒక్క పూట కూడా అనుకోకు. నీకు నేనిచ్చిన మాటలు అలాంటివి. తెల్లది అని నేను సెప్టెంబరులోనే రాసి ఉంటే అది మీ గుమ్మం ముందే ఉండేది.

మీ మామగారికి మొదటి రోజే తెలుసు. నెలల తరబడి తన మందలో తిరిగిన గుర్రం ఏదో ఆయనకి తెలియకుండా ఉంటుందా? పండగ రోజు మధ్యాహ్నం మేమిద్దరం గుర్రాలు చూసొస్తామని (ఒంటేలుకి పోతూ మగవాళ్ళు అనే మాటే) చెప్పి గుడారం వెనక్కి వెళ్ళాం. ఆయన కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. కాసేపు ఎవరి పని వాళ్ళు చూసుకున్నాం.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది. కాళ్ళు గట్టివి."

"పిల్ల ఆ చలిలో దాని మీదే వచ్చింది. అంతకుముందు గుర్రమెక్కి కొండ కూడా దాటలేదు."

"ఊఁ."

"మీ వైపు దీన్ని ఏమంటారు?"

"మైల. మీ వైపు?"

ఆయన కర్ర ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మీ వైపు ఏమంటే అదే అందాం," అన్నాడు.

అంతే మాట్లాడుకున్నాం. నీకు తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వకు. విరిగిన కాలితో కర్ర మీద నిలబడి, నీ కోసం ఒప్పుకున్న మాట అది. ఆ మాటను ఆయన దగ్గరే ఉండనీ.

వచ్చే నెలలో అది బొచ్చు రాల్చాక ఒంటి రంగు తేటగా బయటపడుతుంది. అప్పుడు ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, నీకు ఎలా కనిపిస్తే అలా రాయి. ఉన్నిలా ఉందంటే ఉన్ని అను, మబ్బులా ఉందంటే మబ్బు అను. నేను నవ్వను. మాట అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను, ఈసారి సిగ్గుపడకుండా అడుగుతాను.

మీ అత్తయ్య నా భుజం మీంచి తొంగిచూస్తూ ఇదంతా చదివింది. చదివి, "అంతా బాగానే రాశావు గానీ, ఇంతకీ దానిది ఏ రంగు?" అంటోంది.

నాకు తెలీడం లేదు. త్వరగా జవాబు రాయి.

షగ్దర్